జవాబు రాని గంట

ఆ ఉదయం టీచరమ్మ అనుకున్నది చాలా సులువైన పని. కిటికీ గట్టు మీద తడిదూదిలో మొలకెత్తిన చిక్కుడు గింజల గ్లాసులను ఒలక్కుండా బడికి చేర్చాలి, ఎంపిక కమిటీ ముందు పాఠం చెప్పాలి, సాయంత్రానికి హెడ్మిస్ట్రెస్ అయి ఇంటికి రావాలి. ఆ కుర్చీ ఇదివరకు రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది.

"ఏమండీ, ఇవాళ ఆ గంట జోలికి మాత్రం వెళ్ళకండి. కమిటీ వాళ్ళు నా పాఠం వింటారు."

"ఊఁ," అన్నాడు భర్త, కంప్యూటరు తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఇప్పుడు నేనేమన్నాను?"

"గ్లాసులు ముట్టుకోవద్దన్నావు."

అది ఆవిడ నిన్న అన్న మాట. బస్సు వేళయింది. సరిదిద్దే తీరిక లేక వెళ్ళిపోయింది.

గంట ఆయన బడికి ఉచితంగా చేసిపెట్టిన ఉపకారం. గంటకు తగిలించిన చిన్న కంప్యూటరే సర్వరు. రోజువారీ గంటలు అదే కొడుతుంది. ఇంట్లో కూర్చుని కొట్టించడం ఆయన కొత్త ముచ్చట. దానికోసం ఆయన ప్రోగ్రాము సర్వరుతో సాకెట్ కలుపుకుంటుంది. సాకెట్ అంటే రెండు యంత్రాలు చెరో చివర పట్టుకున్న గొట్టం లాంటిది. ఇటు నుంచి 'మోగించు' అంటే అటు నుంచి 'మోగింది' అని రావాలి.

ఫోను నోరు నొక్కి సొరుగులో పెట్టి, ఆయన 'మోగించు' పంపాడు. జవాబు లేదు. మాట చేరలేదనుకుని మళ్ళీ మళ్ళీ పంపాడు.

బడిలో టీచరమ్మ అప్పుడే గ్లాసు ఎత్తి, "పిల్లలూ, గింజ ముందుగా బయటికి పంపేది ఆకు కాదు..." అంటోంది. గంట మోగింది. పిల్లలు టిఫిను డబ్బాలు తీశారు. సర్దిచెప్పి కూర్చోబెట్టేసరికి మళ్ళీ మోగింది. తినే వేళ అయిపోయిందనుకుని డబ్బాల మూతలు పెట్టేశారు. ఇంకోసారి మోగాక పక్క గదిలోని లెక్కల మాస్టారు తన పిల్లల్ని ఆటలకు వదిలేశాడు. కమిటీ పెద్దావిడ తన చేతిగడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూసింది.

టీచరమ్మ వరండాలోకి వచ్చి ఇంటికి ఫోను చేసింది. సొరుగులో ఫోను వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది.

"మొండిఘటం!" అని సర్వరును తిట్టుకుని, గట్టిగా చెబితేనైనా వింటుందేమోనని ఆయన 'ఆగకుండా మోగించు' పంపాడు. గంట ఆగకుండా మోగితే బడిలో ఒక్కటే అర్థం: ఎక్కడో నిప్పంటుకుంది.

బడంతా మైదానంలోకి కదిలింది. కమిటీ పెద్దావిడ చెయ్యి ఒకటో తరగతి పిల్ల పట్టుకుంది. "పరిగెత్తకూడదు అమ్మమ్మా, టీచర్ కోప్పడుతుంది!"

అదే సమయానికి ఆయనకు తప్పు దొరికింది. తన ప్రోగ్రామే మాట చెప్పీ చెప్పగానే గొట్టం మూసేస్తోంది, జవాబు దారిలో ఉండగానే. కాస్త ఆగి వినేలా మార్చాడు. సర్వరు దాచి ఉంచిన జవాబులన్నీ ఒక్కసారిగా తెర మీదికి వచ్చిపడ్డాయి. మోగింది. మోగింది. మోగింది. ఇంకా మోగుతోంది.

ఈ శుభవార్త భార్యకు చెబుదామని సొరుగు తెరిచాడు. ఫోను నిండా ఆవిడ పిలుపులే. చివర ఒక్క ముక్క: "ఆపండి." పొద్దున ఆవిడ ఏమందో అప్పుడు వినిపించింది.

సాయంత్రం ఆవిడ గ్లాసులను మళ్ళీ కిటికీ గట్టు మీద పెట్టింది. ఒకటి తక్కువైంది.

"పదవి ఇచ్చారు."

"నిజంగానా! పాఠం నచ్చిందా?"

"పిల్లల్ని తొక్కిసలాట లేకుండా బయటికి తెచ్చానని ఇచ్చారు."

"ఇంకేం మరి! నా గంట నీకు మేలే చేసిందిగా!"

"పాఠం ఎవరూ వినలేదండీ," అంది ఆవిడ, వాలిన మొలకను వేలితో నిలబెడుతూ. "పెద్దావిడకు ఆయాసం వచ్చింది. ఇంక చాలన్నారు."

ఆయన గొంతు తగ్గింది. "పోనీ, నాకు చెప్పు."

"ఇన్ని రోజులూ ఈ బల్ల దగ్గర చెప్పింది మీకే."

ఆయన గుర్తుచేసుకోబోయాడు. తన 'ఊఁ' తప్ప ఏమీ దొరకలేదు. కంప్యూటరు మూసి, కుర్చీ ఆవిడ వైపు తిప్పి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ గ్లాసు ఎత్తింది.

"గింజ ముందుగా బయటికి పంపేది..."

"ఆకు!"

ఈసారి జవాబు వెంటనే వచ్చింది, మాట పూర్తి కాకముందే.