గాలి గదికి వచ్చిన లోడు

ఆ పొద్దున మబ్బులు పాలక్కాడు కనుమలోంచి లేచి, అన్నూరు మీద కురిసే ఉద్దేశం ఏమీ లేకుండా తూర్పుగా పోతున్నాయి. ఆడి మాసం, గాలుల కాలం. ముత్తుకృష్ణ నాయుడి తోటలో గాలిమర రెక్కలు కంటికి ఆనకుండా తిరుగుతున్నాయి. ఆయన మరను చూసి, మబ్బులను చూసి, పంచె బిగించుకున్నాడు. ఆఫీసరు వచ్చే రోజున ఉండవలసిన గాలి ఉంది.

ఆ మర ఆయన సొంతం కాదు. కరెంటు తీసే కొత్త రకం చిన్న గాలిమరలు రైతుల తోటల్లో ఎలా పనిచేస్తాయో పరీక్షించి, నలుగురికీ చూపించమని ప్రభుత్వం ఒక ఇంజనీరింగు కాలేజీకి నిధులిచ్చింది. ఆ కాలేజీలో పనిచేసే బృంద ముత్తుకృష్ణకు మేనకోడలు. అలా మర ఈ తోటకు చేరింది. అంతకుముందు ఊళ్లో ఆయన్ని ‘బోరు ఎండిన నాయుడు’ అనేవారు. మర వచ్చాక ‘గాలిమర నాయుడు’ అంటున్నారు. మూడు బోర్లు ఎండిన మనిషికి అది చిన్న విషయం కాదు.

తెల్లవారగానే బృంద ఫోను చేసింది.

"మామా, ఈ పొద్దు తనిఖీకి రాఘవేంద్రన్ సార్ వస్తారు. కష్టమైన మనిషి. లోడు లేదంటే మరను పీకి వేరే ఊరికి పంపించేస్తారు."

"లోడంటే ఏందమ్మా?"

"కరెంటు వాడకం మామా. మీరు ఒక్క బల్బు వేసుకోనుండారు. అది లోడా?"

"ఇంటికి ఈబీ వాళ్ల సర్కారు కరెంటు ఉండాది. ఇంకేం వేసుకోవాల?"

"సరి, లోడు నేను ఏర్పాటు చేస్తా. ముందుగా ఎవరన్నా వచ్చి చూస్తామంటే అడ్డు చెప్పొద్దండి. రెండు గదుల మీదా పేర్లు రాయండి. ఏది ఈబీది, ఏది గాలిది అని సారుకు తెలియాల."

రాసే పని ముత్తుకృష్ణ భార్య తిరుమలమ్మాళ్‌ది. ఆమె అయిదు దాకా తమిళ బడిలో చదివింది. తమిళ సీమలో పుట్టి పెరిగిన ఆ వైపు తెలుగువాళ్లందరి లాగే ఆమెకూ తెలుగు నోట్లో ఉంది, చేతిలో ఉన్నవి తమిళ అక్షరాలే. మోటారు గది తలుపు మీద ‘ఈబీ’ అని రాసింది. బ్యాటరీల గది దగ్గర ఆగి, "దీనికేమి?" అంది.

"గాలి" అన్నాడు ముత్తుకృష్ణ.

ఆమె ఆ మాటే సున్నంతో, రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా కనబడేటట్టు రాసింది. తమిళంలో క-కూ గ-కూ ఒకటే అక్షరం. ఇంట్లో వాళ్లకు అది గాలి. దారిన పోయే తమిళులకు అది ‘కాలి’. అంటే ఖాళీ, బాడుగకు ఇస్తారని అర్థం.

కాసేపటికి ఒకామె స్కూటరు ఆపి లోపలికి వచ్చింది. పేరు జెబమలర్. అన్నూరులో బట్టలు కుట్టించే చిన్న యూనిట్ ఆమెది. ఉన్న చోటు ఖాళీ చేయమన్నారని వేరే చోటు వెతుక్కుంటోంది. ఈ సంగతి ముత్తుకృష్ణకు తెలియదు. ముందుగా చూడ్డానికి ఆఫీసు నుంచి వచ్చిందనుకున్నాడు.

"కాలియా అణ్ణా?" అని తలుపు చూపించింది.

గ పలకలేకపోయినా మన మాట ఒకటి నేర్చుకుని వచ్చింది, మర్యాదస్తురాలు అనుకున్నాడు ముత్తుకృష్ణ.

"గాలే అమ్మా."

"ఎప్పటి నుంచి?"

"పోయిన ఆడి నుంచి."

"అన్ని నెలలుగానా? ఏమన్నా కోళారు, లోపం ఉందా అణ్ణా?"

"ఏమీ లేదు. రాత్రిపూట కొంచెం శబ్దం వస్తుంది. అలవాటైపోతుంది."

జెబమలర్ మెడలోని శిలువను పట్టుకుంది. ఆయన మరను చూపించాక వదిలింది.

"కరెంటు?"

"నిండా ఉండాది. వాడే మనుషులే లేరు."

"ఈ మూల పెట్టెలు?"

"బ్యాటరీలు. వాటిని మాత్రం కదపకూడదు."

"మాకేం అడ్డం రావులే అణ్ణా" అని, బాడుగ మాట సామాను దించాక అడగవచ్చనుకుని ఆమె సంతోషంగా వెళ్లిపోయింది.

ఎండ ఎక్కేసరికి తోట వాకిట్లో ఒక వ్యాను ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "లోడు వచ్చిందయ్యా. ఎక్కడ దించాల?" అన్నాడు.

ముత్తుకృష్ణ గుండె నిండింది. బృంద మాటంటే మాటే. "గాలి గదిలో దించప్పా" అన్నాడు.

కుట్టు మిషన్లు దిగాయి. కుట్టే ఆడవాళ్లు దిగారు. గ్రైండరు దిగింది. ఫ్యాన్లు దిగాయి. ఇంత లోడు చూశాక ఆఫీసరు నోరెత్తడనుకుని ముత్తుకృష్ణ తానూ ఒక చెయ్యి వేశాడు. తర్వాత మంచం దిగింది. గంపలో కోడిపుంజు దిగింది.

"మంచమెందుకండి?" అంది తిరుమలమ్మాళ్.

"రాత్రి గాలి ఎట్లుంటుందో చూడాల కదే."

"కోడి?"

ఆయన గంపను నీడకు జరిపాడు. ప్రభుత్వ పరీక్షల్లో మనకు తెలియనివి చాలా ఉంటాయి.

జెబమలర్ వంటింటి గడప దగ్గరికి వచ్చి అగ్గిపెట్టె అడిగింది. తిరుమలమ్మాళ్ ఇచ్చింది. వెనకే వెళ్లి చూసింది. తిరిగి వచ్చి మొగుడి పక్కన నిలబడింది.

"వాళ్లు ఆఫీసు వాళ్లు కారు. కాపురానికి వచ్చినారు."

"ఎవురు చెప్పినారు?"

"పాలు పొంగించినారు."

ఇద్దరూ వెళ్లి తలుపు ముందు నిలబడ్డారు. ముత్తుకృష్ణ ఆ మాటను ఒకసారి గ పెట్టి చదివాడు. మరోసారి క పెట్టి చదివాడు. తర్వాత గట్టు మీద కూర్చున్నాడు.

"మీరు చెప్పిందే రాస్తిని" అంది తిరుమలమ్మాళ్.

"నేను చెప్పింది చెవిలో సరిగానే ఉండె."

వాళ్లను లేచి పొమ్మనడానికి ఆయన మాటలు కూర్చుకుంటూ ఉండగానే జీపు వచ్చింది. ముందు సీట్లోంచి రాఘవేంద్రన్ దిగాడు. వెనక నుంచి బృంద దిగింది. ఆమె చేతుల్లో మిక్సీ ఉంది.

"ఇదే దొరికె మామా" అని మెల్లగా అంది. అప్పుడు గాలి గదిలోంచి మిషన్ల చప్పుడు విని అటు తల తిప్పింది.

రాఘవేంద్రన్ మీటరు చూశాడు. ముల్లు ఊగుతోంది. మిషన్లు చూశాడు. వాటి ముందు ఆడవాళ్లు తలెత్తకుండా కుడుతున్నారు.

"మీరెవరమ్మా?"

"బాడుగకు వచ్చినాం సార్. తలుపు మీద చూసి" అంది జెబమలర్.

"ఎప్పుడు?"

"ఇప్పుడే పాలు కాచినాం."

ముత్తుకృష్ణ కళ్లు మూసుకున్నాడు. పాత పేరు వాకిట్లో నిలబడి పిలుస్తున్నట్టే ఉంది.

రాఘవేంద్రన్ బయటికి వచ్చి తలుపు మీది మాట చదివాడు.

"నేను ఎన్నో ఊళ్లు తిరిగినాను. అంతటా నేను వచ్చే పొద్దుకు ఎవరింటి మిక్సీనో తెచ్చి తిప్పుతారు" అన్నాడు.

బృంద మిక్సీని జీపు చక్రం వెనక పెట్టింది.

"గది ఖాళీ అని రాసి, నిజంగా కరెంటు అవసరమైన వాళ్లను పిలిచిన రైతును ఇదే చూడటం. ఎవరిదీ ఆలోచన?"

ముత్తుకృష్ణ భార్యను చూశాడు. "రాసింది ఆమె సార్."

"ఆయన చెప్పిందే రాస్తిని" అంది తిరుమలమ్మాళ్.

రెండూ నిజాలే. రాఘవేంద్రన్ జీపు బానెట్ మీద కాగితాలు పరిచి, మర ఇక్కడే ఉంటుందని రాసి సంతకం చేశాడు. రెండో మర కూడా ఇవ్వవచ్చునని కింద ఒక మాట చేర్చాడు.

భోజనాలు గాలి గదిలోనే పెట్టారు. మిషన్లు ఆగలేదు, ఆర్డరు తొందరదని ఇద్దరు కుడుతూనే ఉన్నారు. గ్రైండరులో జెబమలర్ పిండి తిరుగుతోంది. ఆఫీసరు వైపు ఫ్యాను తిప్పారు. తిరుమలమ్మాళ్ అన్నం, ఉలవచారు, బీరకాయ వేపుడు వడ్డించింది. ఆకుల ముందు కూర్చున్నాక అందరూ అన్నంలో పడ్డారు.

చారు దగ్గర, ఇంత లోడుకు బ్యాటరీలు తట్టుకోలేక, గ్రైండరు మూలిగింది. మిషన్ల చప్పుడు పలచబడి ఆగింది. మజ్జిగ దగ్గర ఫ్యాను కూడా నిలిచిపోయింది. బృంద ఆకు మీద నుంచి చూపు తీయలేదు. ముత్తుకృష్ణ అన్నం మెత్తగా కలుపుతూ ఉన్నాడు. రాఘవేంద్రన్ నుదుటి చెమటను భుజంతో తుడుచుకుని మరి కాస్త మజ్జిగకు చెయ్యి చూపించాడు.

సంతకం భోజనానికి ముందే అయిపోయింది.