తోసినోళ్ళ ట్రాక్టరు

ఆ రోజు పొద్దున ఓబుళప్ప పెట్టుకున్న పని ఒక్కటే. తన ట్రాక్టరును తానే చంపాలి, అదీ మధ్యాహ్నం దాకా మాత్రమే.

పెనుకొండకు ఆరు మైళ్ళ దూరంలో, గట్టు వాలున ఉంటుంది ఆయన పల్లె. ట్రాక్టరు వాళ్ళ నాయన కొన్నది. వయసులో ఓబుళప్ప కంటే ఏడేళ్ళు చిన్న. ఒకప్పుడు నీలం రంగే గానీ ఇప్పుడు ఏ రంగో తేల్చి చెప్పడం కష్టం. రోజూ పొద్దున టీ కంటే ముందు ఆయన దాని బోనెట్టు తుడుస్తాడు. బ్యాటరీ కొసలకు పట్టిన పచ్చ చిలుము గోకి వాజలైను రాస్తాడు. డైనమో బెల్టును బొటనవేలితో నొక్కి చూస్తాడు. భార్య చౌడక్క జ్వరంతో పడుకున్న రోజున కూడా ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది ఈ పనులన్నీ అయ్యాకే. ఆ సంగతి చౌడక్క ఇంకా మరిచిపోలేదు.

ఆ ఇంటికి రేకుల కొట్టం ఒక్కటే ఉంది. అందులో ట్రాక్టరు కాపురం. ఆవూ దూడా బయట వానకు తడుస్తాయి. ఓర్చి ఓర్చి చౌడక్క తన తమ్ముడు జయచంద్రతో చెప్పి బేరం కుదిర్చింది. హిందూపురం లోకేష్ బెంగుళూరు రోడ్డు మీద హోటలు పెడుతున్నాడు. వాకిట్లో పాత ట్రాక్టరు నిలబెడితే వచ్చేపోయేవాళ్ళు ఫోటోలు దిగుతారని అతని ఆలోచన. ముందురోజు సాయంత్రం సంగటి వడ్డిస్తూ చౌడక్క ఆ మాట మొగుడి చెవిన వేసింది.

"రేపు మా జయచంద్ర ఆయప్పను పిల్చుకొని వస్తాడు. బండి ఇచ్చేద్దాం. ఆవు తడుస్తాంటే నాకు నిద్ర పట్టడంల్యా."

ఓబుళప్ప సరేనన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో చౌడక్కకు రెండుసార్లు ఎదురు చెప్పి చూశాడు, రెండుసార్లే చాలనుకున్నాడు. అందుకే ఈసారి నోరు కాక చెయ్యి వాడదలిచాడు. చచ్చిన బండిని ఎవరూ కొనరు గదా. తెల్లవారగానే బ్యాటరీ నుంచి రెండు వైర్లూ ఊడదీసి సీటు కింద దోపి, ఏమీ ఎరగనట్టు వేపపుల్ల నోట్లో పెట్టుకున్నాడు.

పది గంటలకు తెల్ల కారొకటి వచ్చి కొట్టం ముందు ఆగింది. ముందుగా దిగినవాడు జయచంద్ర. పెనుకొండలో కాలిన మోటార్లకు తీగ చుట్టే అంగడి అతనిది. ఎక్కడైనా వైరు కనబడితే ముట్టుకోకుండా ఉండలేడు. వెనకాలే లోకేష్ దిగాడు. ఓబుళప్ప మర్యాదగా సీటెక్కి తాళం తిప్పి సెల్ఫు నొక్కాడు. బండి ఉలకలేదు, పలకలేదు. ఇంకోసారి నొక్కి, తల అడ్డంగా ఊపి, చావు ఇంట్లో పరామర్శకు వచ్చినవాడి మొహం పెట్టాడు.

"నిన్న సాయంత్రం దాకా బాగుండె అప్పా. రాత్రికి రాత్రి పోయింది."

చౌడక్క మొగుడి వైపు ఒక చూపు చూసింది. లోకేష్ మాత్రం సంబరపడిపోయాడు.

"మంచిదే ఆయ పెద్దాయనా. నాకు నడవనిదే కావల్ల. నడిచేదైతే పిల్లోళ్ళు ఎక్కి తిప్పేస్తారు. ఇంజను తీసి పాత ఇనుముకు వేసేస్తాం. ఆ జాగాలో చేతులు కడుక్కునే తొట్టి పెడతాం. ఇదో, ఈ లైట్లు ఉండాయి చూడు, వీటిల్లో నుంచి నీళ్ళు వచ్చేటట్టు చేపిస్తాం."

"తొట్టా?" అన్నాడు ఓబుళప్ప.

"ఊ. రెండు పక్కలా సబ్బులు."

ఓబుళప్ప చెయ్యి లైటు మీదికి పోయింది. ఆ లైట్లను నాయన పంచె కొంగుతో తుడిచేవాడు. కరువు సంవత్సరాల్లో ఎద్దులమ్మాడు, పెళ్ళాం కమ్మలమ్మాడు గానీ ఈ బండి జోలికి ఎవరినీ రానివ్వలేదు. అలాంటిదాని మూతిలో ఊరూ పేరూ తెలియని జనం ఎంగిలి చేతులు కడుక్కోవడమా? ఆయనకు నిజంగానే కళ్ళు తడిశాయి. పొద్దున్నే వేసిన ఎత్తు మొత్తం తలకిందులైంది. చచ్చిందనిపిస్తే పోతుంది, బతికుందనిపిస్తేనే మిగులుతుంది.

"అది చావలేదప్పా. రవ్వంత మొండికేసింది, అంతే. ఇప్పుడే లేపుతా చూడు" అంటూ సీటు కింద చెయ్యి పెట్టాడు. వైర్లు లేవు.

వాటిని అప్పటికే జయచంద్ర కనిపెట్టాడు. పాపం, బావ కళ్ళు మసకబారి చూసుకోలేదనుకొని, తనకు తెలిసిన విద్యకొద్దీ తగిలించేశాడు కూడా. లోకంలో ఏ బండికైనా మైనస్సు దాని ఇనప ఒంటికీ, ప్లస్సు సెల్ఫుకూ పోతాయి. ఈ బండి పాతకాలపు మనిషి. దీనికి ప్లస్సే ఒంటికి బిగించాలి. ఆ సంగతి దాన్ని చేసినవాళ్ళకూ, ఓబుళప్ప నాయనకూ, ఓబుళప్పకూ తప్ప ఎవరికీ తెలియదు. డైనమో పక్కనున్న పెట్టెలోంచి సన్నగా పొగ లేచింది.

"పీకు రా, పీకు. దీనికి ప్లస్సు ఒంటికి."

"ప్లస్సు ఒంటికా? అట్ల యాడా లేదు బావా. ఇరవై ఏండ్లుగా ఇదే పనిలో ఉండా."

"నీకు ఇరవై. దానికి యాభై దాటినాయి. ముందు పీకు."

పీకి, సరిగ్గా తగిలించేసరికి బ్యాటరీలో ఉన్న కాస్త సత్తువా హరించుకుపోయింది. సెల్ఫు నొక్కితే టిక్కుమని ఊరుకుంది. లోకేష్ గడియారం చూసుకున్నాడు.

"వదిలెయ్ పెద్దాయనా. ఎట్లుంటే అట్లే లారీలో ఎక్కించుకొని పోతాం."

ఓబుళప్ప బండి ముందుకొచ్చి అడ్డంగా నిలబడ్డాడు. బావ మొహం చూసి జయచంద్రకు జాలేసింది. చేసిన తప్పు దిద్దుకుందామనీ అనుకున్నాడు. "కారు బ్యాటరీతో లేపుదాం, రెండు నిమిషాల పని" అంటూ కారు బోనెట్టు తెరిపించి లావుపాటి వైర్లు పట్టుకొచ్చాడు. ఎర్రది ప్లస్సుకు తగిలించాడు, అది సరే. నల్లది మాత్రం చెయ్యి తిరిగిన అలవాటు కొద్దీ ట్రాక్టరు ఒంటికి పట్టించాడు. ఈ బండికి ప్లస్సూ ఒళ్ళూ ఒకటేనని ఇప్పుడే కదా బావ అరిచి చెప్పింది. చెవి విన్నది గానీ చెయ్యి వినలేదు. ఫట్‌మని దీపావళి వెలుగొకటి వెలిగింది. దూడ తాడు తెంపుకొని పారిపోయింది. ట్రాక్టరుకు ఏమీ కాలేదు. కొత్త కారు మాత్రం మూగబోయింది.

లోకేష్ తాళం తిప్పాడు. బొత్తాలు నొక్కాడు. తలుపులు కూడా మాట వినలేదు.

"నాకు మూడు గంటలకు హిందూపురంలో పనుండాది. ఇప్పుడెట్ల పోవల్ల?"

"బాధపడొద్దప్పా" అన్నాడు ఓబుళప్ప. ఆయన గొంతులో దాచుకోలేని ఉత్సాహం వినబడింది. "దీన్ని రవ్వంత తోస్తే లేస్తాది. నీ కారును ఇదే పెనుకొండకు లాక్కపోతాది."

రవ్వంత అంటే ఎంతో ఓబుళప్పకూ తెలియదు. కొట్టం నుంచి వాలు దాకా ముప్ఫై గజాలు ఎదురెక్కుడు. జయచంద్ర, లోకేష్ తోస్తే చక్రం అంగుళం కదిలింది. గొర్రెలు తోలుకుపోతున్న ఉలిగప్ప కర్ర పారేసి భుజం ఆనించాడు. పాల డబ్బా దించి రామాంజినేయులు వచ్చాడు. కుళ్ళాయమ్మ కొంగు బిగించి, ఇద్దరు కోడళ్ళను పిలుచుకొని వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళెవరినీ చౌడక్క ఊరికే చూడనివ్వలేదు. ముందు మొగుడికి శాపనార్థాలు పెట్టి, తర్వాత తానూ ఒక చక్రం పట్టుకుంది. ఇరవై మందికి పైగా ఆపసోపాలు పడుతుంటే ఓబుళప్ప సీటు మీద నిటారుగా కూర్చొని స్టీరింగు పట్టుకున్నాడు.

వాలు అందుకోగానే సెకండు గేరులో క్లచ్చి వదిలాడు. బండి దగ్గింది, తుమ్మింది, తోసినవాళ్ళ మొహాలన్నిటికీ సమానంగా మసి పూసి, దడదడమని లేచింది. ఊరంతా నవ్వింది. ఓబుళప్పకు మాత్రం నాయనే లేచి వచ్చినంత ఆనందమైంది.

మోకు కట్టి కారును లాగారు. పెనుకొండ బజారులో జనం టీ గ్లాసులు పట్టుకొని మరీ బయటికొచ్చి చూశారు. ముందు నల్లపొగ, వెనక ఆ పొగలో తెల్ల కారు, కారులో నల్లబడుతున్న లోకేష్. మెకానిక్కు అంగడి ముందు ఆగగానే లోకేష్ మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"మీ బండి వద్దు పెద్దాయనా. నేను సిమెంటుతో చేపిచ్చుకుంటా. అది కారును తినదు."

"నీ ఇష్టమప్పా" అన్నాడు ఓబుళప్ప, వీలైనంత విచారంగా. ఇంజను ఆపితే మళ్ళీ తోసేవాళ్ళు లేరని, వెనక్కి తిరిగి చూడకుండా పాటలు పాడుకుంటూ ఇల్లు చేరాడు. బామ్మర్ది చేత ఆ వారమే కాలిన వైర్లు మార్పించి, ప్లస్సు ఒంటికే తగిలించేదాకా పక్కనే నిలబడి చూశాడు. చౌడక్క పల్లెత్తు మాట అనలేదు. అది చూసైనా ఓబుళప్ప అనుమానపడి ఉండాల్సింది.

నాలుగో రోజున భూమి తడిసే వాన పడింది. వేరుశనక్కాయ వెయ్యాలంటే ఆ పదును మూడు రోజులకు మించి నిలవదు. పెనుకొండలో బాడుగ ట్రాక్టర్లన్నిటికీ ఒక్కసారే గిరాకీ వచ్చింది. మరునాడు పొద్దున ఓబుళప్ప వాజలైను డబ్బా తీసుకొని కొట్టంలోకి వెళ్తే ఆవూ దూడా నెమరు వేస్తూ కనిపించాయి. ట్రాక్టరు లేదు.

"బండి యాడికి పోయిందే?"

చౌడక్క అరుగు మీద కూర్చొని నోటు పుస్తకంలో పేర్లు రాసుకుంటోంది. "ఉలిగప్ప చేనికి. మా జయచంద్ర తోలుకొనిపాయ."

"ఎవరినడిగి?"

"అడిగేదేముండాది? ఒకరి పనికి చెయ్యేస్తే వాళ్ళ పనికి మనం చెయ్యెయ్యద్దా? ఊర్లో ఎప్పటికీ ఉండేదే గదా. ఇరవై మూడు మంది తోసినారు. డీజిలు ఎవరిది వాళ్ళే పోసుకుంటారులే. ఉలిగప్ప మొదట వచ్చినాడు, మొదట ఆయప్పకే. మల్ల రామాంజినేయులు. ఆ మల్ల కుళ్ళాయమ్మ, ఆయమ్మ కోడండ్లకు ఒకొక్కరికి ఒకో వంతు."

ఓబుళప్ప పుస్తకం లాక్కుని మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాడు. మళ్ళీ కింది నుంచి పైకి చదివాడు.

"మన చేను యాడుండాది దీంట్లో?"

"నువ్వు తోయలేదు గదయ్యా" అంది చౌడక్క. "నా వంతు ఆవు కొట్టానికి సరిపాయ. నువ్వు సీట్లో కూచోనుంటివి."

మూడో రోజు సాయంత్రం, పదును ఆరిపోయే వేళకు, ఓబుళప్ప తన మూడెకరాలూ పెనుకొండ నుంచి తెచ్చిన బాడుగ ట్రాక్టరుతో దున్నించుకున్నాడు.