మాస్క్ పెట్టని దారి

పొద్దున్న ఎనిమిదిన్నరకే స్కూలుకొచ్చిన సిస్టమ్స్ మేడమ్, మొదటి గంట కొట్టేలోగా ఒక పని తేల్చేయాలని నిశ్చయించుకుంది. పని చిన్నదే. మైదానానికి అవతల కొత్తగా కట్టిన బ్లాకును స్కూలు సర్వరుకు కలపాలి. నర్సమ్మ గదిలో ఉన్నదానితో సహా అక్కడి కంప్యూటర్లన్నీ నిన్ననే బిగించారు. వాటికి దారి ఎటో సర్వరుకు చెప్పడమొక్కటే మిగిలింది. పట్టిన పని వదలదని పిల్లలు ఆమెకు చాటుగా "జిగురు మేడమ్" అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

తన బల్ల దగ్గర్నుంచే సర్వరులోకి వెళ్లి, కొత్త బ్లాకు చిరునామా కొట్టింది: పది, అరవై, సున్నా, సున్నా. ఆ చిరునామాలో ఎంత భాగం పట్టించుకోవాలో చెప్పే సంఖ్య మరొకటి ఉంటుంది. దాన్ని మాస్క్ అంటారు. ఆమె అది కొట్టలేదు. పాత సర్వరుకు పదేళ్లలో ఒక్కసారీ కొట్టిన పాపాన పోలేదు. చివరి సున్నాలు చూసి అదే అర్థం చేసుకునేది. పోయిన నెలలో సర్వరు మార్చారు. ఈ కొత్తది మొదటి సంఖ్య ఒక్కటే చూసింది. పదితో మొదలయ్యేవన్నీ కొత్త బ్లాకులోనే ఉన్నాయని తీర్మానించేసుకుని, వాటికిచ్చే జవాబులన్నీ అటే పంపసాగింది. స్కూల్లో ప్రతి కంప్యూటరు చిరునామా, ప్రతి తరగతి గుమ్మం దగ్గరున్న హాజరు యంత్రం చిరునామా, ఆఖరికి ఆమె బల్ల మీదున్నదాని చిరునామా కూడా పదితోనే మొదలవుతాయి.

ఎంటర్ కొట్టగానే స్క్రీను బిగుసుకుపోయింది.

"నాతోనా పంతం!" అని ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. వైర్లు పీకి పెట్టింది. కంప్యూటరు ఆపి మళ్లీ వేసింది. ఈలోగా గంట కొట్టారు. పిల్లలు, పంతుళ్లు కార్డులు చూపించి లోపలికి వెళ్లారు. సర్వరు తొమ్మిదిన్నర దాకా ఎదురుచూసి, ఎవరి హాజరూ అందకపోయేసరికి, తన ధర్మం ప్రకారం ఇళ్లకు మెసేజులు పంపింది: "ఈ రోజు స్కూలుకు హాజరు కాలేదు." బయటి ప్రపంచానికి వెళ్లే దారి మాత్రం నిక్షేపంగా ఉంది మరి.

మొదటి ఫోను ఆమె భర్త నుంచే వచ్చింది.

"ఎక్కడున్నావు?"

"స్కూల్లో."

"నువ్వు రాలేదని స్కూలు నుంచి మెసేజ్ వచ్చిందే!"

"ఆ మెసేజులు పంపించేది నేనేనండీ!"

"మరి నువ్వు రాకపోతే ఎవరు పంపినట్టు?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకబోతూ ఆమె కిటికీలోంచి చూసింది. గేటు దగ్గర జనం. ఒక తల్లి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, చువ్వలు పట్టుకుని వాచ్‌మన్‌ను బతిమాలుతోంది. తాను కొట్టినదేమిటో, కొట్టనిదేమిటో మేడమ్‌కు అప్పుడు వెలిగింది. సర్వరు గది తాళంచెవి తీసుకుని పరుగు అందుకుంది.

వరండాలో ప్రిన్సిపాల్ ఎదురయ్యాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి చెవి దగ్గర ఫోను పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. ఫోనులోంచి వాళ్లమ్మ గొంతు వరండా అంతా వినిపిస్తోంది.

"బడి ఎగ్గొట్టి ఎక్కడ తిరుగుతున్నావురా?"

"అమ్మా, నేను ప్రిన్సిపాల్ని!"

"అయితే మరీ తప్పు కదరా!"

ఆయన ఫోను పెట్టేసి మేడమ్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. వెనకాల, వాచ్‌మన్‌ను దాటుకుని వచ్చిన తల్లిదండ్రులు పాతికమంది.

"అసలేం జరిగింది? ఒక్క ముక్కలో చెప్పండి."

"మాస్క్ పెట్టలేదండీ."

"ఎవరు?"

"నేనే. తప్పు నాదొక్కదానిదే. కానీ అన్ని బ్లాకులకీ పాకింది."

ముందు వరసలో ఉన్న తాతగారు గబుక్కున రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "ఎంతమందికమ్మా?" అన్నాడు.

"పదితో మొదలయ్యేవన్నీ పోయాయండీ," అంది మేడమ్, ఆయనెవరో చూడకుండానే.

"పదో తరగతి మొత్తం పోయిందట!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆ మాట గేటు చేరేసరికి తొమ్మిది కూడా కలిసింది. పిల్లల్ని మైదానంలోకి తెచ్చి చూపిస్తే గొడవ వదులుతుందని ప్రిన్సిపాల్ గొంతు సవరించుకునేలోపే నర్సమ్మ వచ్చి పడింది.

"ఒక్క పిల్లను కూడా బయటికి తీసుకురాకూడదు. ముందు ఈవిడ్ని వేరుగా పెట్టాలి!"

"అయ్యో, ఇది ఆ మాస్క్ కాదు..." అని మేడమ్ నోరు తెరవగానే, నర్సమ్మ ఆ నోట్లో థర్మామీటరు పెట్టేసింది. చేతిలోని తాళంచెవిని లాక్కుని, ముట్టుకున్నదే కదా అని సంచిలో వేసి మూతి కట్టింది. మైదానం దాటించి, కొత్త బ్లాకులోని తన గదిలో కూర్చోబెట్టి, బయట గడియ పెట్టి వెళ్లిపోయింది.

మేడమ్ కిటికీ దగ్గర నిలబడింది. అవతల చెప్పుల్లేని తల్లి గోడకు చేరగిలబడి ఏడుస్తోంది. మేడమ్ తలుపు తోసి చూసింది, రాలేదు. బాది చూసింది, ఎవరూ లేరు. "ఇలా వదిలేస్తే నేను జిగురు మేడమ్‌నే కాదు," అనుకుని గది నలుమూలలా కలియజూసింది. పోలియో చుక్కల పోస్టరు, మంచం, బల్ల, బల్ల మీద కొత్త కంప్యూటరు.

దాన్నే చూస్తూ నిలబడిపోయింది. సర్వరు తన దారులన్నీ ఎటు తిప్పింది? ఇటే! స్కూలు మొత్తం మీద సర్వరుతో మాట్లాడగల చోటు ఈ బ్లాకే.

థర్మామీటరు పళ్ల మధ్యే ఉంది. కుర్చీ లాక్కుని సర్వరులోకి వెళ్లింది. తప్పుడు దారి చెరిపింది. మళ్లీ పది, అరవై, సున్నా, సున్నా కొట్టి, ఈసారి పక్కనే మాస్క్ కూడా కొట్టింది: రెండు వందల యాభై అయిదు రెండుసార్లు, సున్నా రెండుసార్లు. ఎంటర్ కొట్టే ముందు అంకె అంకె వేలు పెట్టి చదువుకుంది.

నిమిషం తిరక్కుండా హాజరు యంత్రాలు దాచుకున్న లెక్కంతా సర్వరుకు చేరింది. గేటు దగ్గర ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. "హాజరయ్యారు." చెప్పుల్లేని తల్లి ఆ మాటను రెండుసార్లు పైకి చదివి, పక్కనున్న తాతగారిని పట్టుకుని నవ్వేసింది. ప్రిన్సిపాల్‌కు వాళ్లమ్మ మళ్లీ ఫోను చేసి, "ఇప్పుడైనా వెళ్లావు, సంతోషం," అంది.

కాసేపటికి నర్సమ్మ గడియ తీసి, థర్మామీటరు చూసి, "జ్వరం లేదు," అని ప్రకటించింది. ఆమెను వేరుగా పెట్టబట్టే గంటలో అంతా సద్దుమణిగిందని తల్లిదండ్రులు నర్సమ్మకు చప్పట్లు కొట్టారు. మేడమ్ సాయంత్రం ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని, చిరునామాల సంగతి, సున్నాల సంగతి అరగంటపాటు ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, అంతా అర్థమైందని తలూపి, అప్పటికప్పుడే సర్క్యులర్ రాయించాడు: "ఇకపై మాస్క్ లేకుండా ఎవరూ కంప్యూటరు ముట్టుకోరాదు."

మేడమ్ దాన్ని రెండుసార్లు చదివింది. తప్పేమీ కనిపించకపోవడంతో మొదటి సంతకం తనే పెట్టింది.