ఆపాదమస్తకం

స్త్రీల ఆత్మగౌరవానికి అంకితమైన ఏకైక వార్తా చానెల్‌ అని తనకు తానే బిరుదు ఇచ్చుకున్న ఆ చానెల్, ఈ ఏడు కూడా ‘ఆమెకు వందనం’ కార్యక్రమాన్ని అట్టహాసంగా జరిపింది. ఆడవాళ్ళంటే ఆ సంస్థకు ఎంత మర్యాదంటే, కార్యక్రమాన్ని రూపొందించే సంఘంలో ఒక్క ఆడమనిషిని కూడా కూర్చోబెట్టి ఇబ్బంది పెట్టలేదు. శ్రమంతా మగవాళ్ళే పడ్డారు, పాపం.

అయితే ఈసారి ఒక విశేషం జరిగింది. ఒకటో కెమెరా వెనక మొట్టమొదటిసారిగా ఒక అమ్మాయిని నిలబెట్టారు. మెడలో వేలాడే కార్డు మీద ‘కెమెరామన్’ అని ఉంది, మార్చమని అడిగితే కార్డులిచ్చే గుమస్తా నొచ్చుకున్నాడు. “నీ ఒక్కదాని కోసం మాట మారుస్తారా అమ్మా? మగాళ్ళతో సమానంగా చూస్తున్నాం, సంతోషించు!” అన్నాడు. ఆమె సంతోషించింది. ఇంకేం చేస్తుంది? ఏళ్ళ తరబడి తీగలు చుట్టి, లైట్లు మోసి, ఒకరి లెన్సులు తుడిచి తుడిచి ఆ కెమెరా దాకా వచ్చింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ కార్యక్రమం సజావుగా జరిగితే ఖాయం చేస్తామన్నారు. “ఎప్పుడు ఖాయం చేస్తారే?” అని వాళ్ళమ్మ రోజూ పొద్దున టీతో పాటు అదే ప్రశ్న చేతికిచ్చేది.

ఇక ఆ చానెల్ ఆచారం గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. తెర మీదికి ఆడమనిషి వస్తే కెమెరా ముందుగా ఆమె చెప్పుల మీద వాలుతుంది. అక్కణ్ణుంచి తొందరపడకుండా, తీరిగ్గా పైకి పాకుతుంది. నడుం దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుంది. మెడ దగ్గర మరికాస్త ఆగుతుంది. అప్పటికీ ఓపిక మిగిలితే ముఖం చూపిస్తుంది. దీన్ని అక్కడ ‘ఆపాదమస్తకం’ అంటారు. వార్తలు చదివే అమ్మాయినీ, తీర్పు చెప్పి బయటికొస్తున్న న్యాయమూర్తినీ ఇలాగే చూపించారు. వరద నీళ్ళలో నిలబడి మాట్లాడిన విలేకరిని మాత్రం మోకాళ్ళ నుంచి మొదలుపెట్టాల్సి వచ్చిందని అప్పటి కెమెరామన్ ఇప్పటికీ కుమిలిపోతుంటాడు. ఎవరూ మరిచిపోకూడదని స్టూడియో గోడకి ఫ్రేము కట్టించి మరీ తగిలించారు: ‘వేదిక ఎక్కిన ప్రతి విశిష్ట వ్యక్తినీ ఆపాదమస్తకంతోనే పరిచయం చేయవలెను. మధ్యలో కోయరాదు.’ షాట్ కోస్తే జీతం కోస్తానని చానెల్ అధిపతి నోటిమాటగా కూడా సెలవిచ్చి ఉన్నారు.

రిహార్సల్‌కి గుండె ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరమ్మ వచ్చింది. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో గంభీరమైన గొంతు ఒకటి వర్ణిస్తుండగా, పక్కనున్న తెర మీద ఆమె చెప్పులు కనపడుతున్నాయి. ఆ గొంతు సాహసం దగ్గరికి వచ్చేసరికి కెమెరా మోకాళ్ళ దగ్గరికి వచ్చింది.

“అమ్మాయ్, నా ముఖం ఎప్పుడొస్తుంది?” అని అడిగింది డాక్టరమ్మ.

“వస్తుందండీ… చివర్లో.”

“నేను ఆపరేషన్ చేసేది చేతుల్తో తల్లీ. చెప్పుల్తో కాదు.”

అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. ఆ షాట్ తీసింది తన చెయ్యే మరి. తిన్నగా అధిపతిగారి గదికి వెళ్ళి, ఈ ఒక్క కార్యక్రమంలోనైనా ముఖం నుంచి మొదలుపెడదామని అడిగింది. ఆయన కోప్పడలేదు. సంస్కారి. కుర్చీలో వెనక్కి వాలి చిన్న ఉపన్యాసం ఇచ్చారు.

“చూడమ్మా, మాకు స్త్రీ అంటే దేవత! దేవతని ఎక్కణ్ణుంచి చూస్తాం? పాదాల నుంచి! అందులో నీకు గౌరవం కాక ఇంకేదో కనపడుతోందంటే, లోపం కెమెరాలో లేదు, నీ చూపులో ఉంది.”

“మగవాళ్ళని అలా తియ్యం కదా సార్?”

“కెమెరాకి ఆడా మగా తేడా ఏముంటుంది? నియమం నియమమే! వేదిక ఎక్కింది ఎవరైనా సరే, తియ్యాల్సిందే. నీకు ఉద్యోగం ఖాయం అవ్వాలని ఉందా, లేదా?”

మర్నాడు ప్రత్యక్ష ప్రసారం. చప్పట్ల మధ్య వేదిక మీదికి మొదట వచ్చిన విశిష్ట వ్యక్తి అధిపతిగారే. కొత్త కోటు వేసుకున్నారు. అమ్మాయి గోడ మీది ఫ్రేము వైపు చూసింది. ఇన్నేళ్ళ కష్టం ఈ ఒక్క షాట్‌తో గంగలో కలుస్తుందని తెలుసు. కానీ ఒళ్ళు మండిపోతుంటే ఎవరు మాత్రం ఎంతసేపని ఓర్చుకుంటారు? కెమెరాని కిందికి వంచింది.

అధిపతిగారి బూట్లు తెర నిండా పరుచుకున్నాయి. పొడుగ్గా కనపడటానికి వాటి లోపల ఎత్తు పెట్టించుకున్నారని లోకానికి ఆ రోజే తెలిసింది. “స్త్రీని మనం చూసే చూపు మారాలి!” అని ఆయన గర్జించినప్పుడు తెర మీద ఆయన తొడలున్నాయి. “ఆమెను శరీరంగా కాదు, మనిషిగా చూడాలి!” అన్నప్పుడు కెమెరా నియమం ప్రకారం నడుం దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటోంది. అక్కడ కోటు గుండీ ఒకటి శక్తికి మించిన పోరాటం చేస్తోంది. కంట్రోల్ రూమ్‌లో నిర్మాత మీట మీద వేలు పెట్టి చెమటలు కక్కుతున్నాడు. కోస్తే జీతం పోతుంది, కోయకపోతే ఏం పోతుందో అతనికి అంతుబట్టలేదు. చివరికి ముఖం వచ్చేసరికి “సెలవు” అన్నారు అధిపతిగారు. ఆ ముఖం మీద ‘ఆమెకు వందనం’ అనే అక్షరాలు పడ్డాయి.

“ఇక ఎవర్నీ అలా తియ్యకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను!” అని హెడ్‌ఫోన్లో నిర్మాత అమ్మాయి చెవిలో గగ్గోలు పెట్టాడు. ఆ కంగారులో డాక్టరమ్మ ముఖమూ చేతులూ నేరుగా తెర మీదికి వచ్చేశాయి. ఇలాంటి అపశ్రుతి ఆ చానెల్‌లో ఎన్నడూ దొర్లలేదు.

దేశమంతా ఆ బూట్లనే చూసింది. ఈ వయసులో ఆ బిగుతు కోటేమిటని కొందరు, ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా అని కొందరు, కాస్త నవ్వితే బాగుండేవాడని మరికొందరు రాశారు. పోటీ చానెల్‌లో నలుగురు పెద్దమనుషులు కూర్చుని, ఎవరూ తనని చూడకూడదనుకున్నవాడు అలాంటి కోటు వేసుకుని నలుగురిలోకి ఎందుకొచ్చాడని తర్కించారు. అధిపతిగారు పొట్టకి అడ్డంగా ఫైలు పెట్టుకుని నడవడం మొదలుపెట్టారు. లిఫ్టు ఎక్కితే ఎవరు ఎక్కడ చూస్తున్నారోనని గోడవైపు తిరిగి నిలబడేవారు. ఇంట్లో చెప్పుకుంటే ఆయన భార్య కూర తరుగుతూ, “ఈమాత్రానికే ఇంత రాద్ధాంతమా? నలుగురూ చూస్తున్నారంటే సంతోషించాలి గానీ!” అంది.

విచారణ సంఘం కూర్చుంది. అందులోనూ ఆడవాళ్ళను ఇబ్బంది పెట్టలేదు. షాట్‌ను పదేపదే పరిశీలించి, పనితనంలో వంక పెట్టడానికి లేదని ఒప్పుకున్నారు. తప్పు చేశానని ఒక్క మాటంటే ఉద్యోగం ఖాయం చేస్తామని సంఘం పెద్ద తండ్రిలా బుజ్జగించాడు.

“తప్పేదండీ? అలా తియ్యడమా, ఆయన్ని తియ్యడమా?” అంది అమ్మాయి.

పెద్దలు తలలు దగ్గరికి చేర్చి గుసగుసలాడుకున్నారు. “ఆయన్ని తియ్యడం.”

“మరి అలా తియ్యడం?”

“అది మన సంప్రదాయం కదమ్మా!”

ఆమె మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కెమెరా అంటే ఆమెకు ప్రాణం. అయినా ఆ ఒక్క మాటా నోట్లోంచి రాలేదు, లేచి వెళ్ళిపోయింది. సంఘం వెంటనే గోడ మీది నియమాన్ని సవరించింది. ‘వ్యక్తి’ అన్న మాట కొట్టేసి ‘మహిళ’ అని రాయించింది. అధిపతిగారు ఆ ఫ్రేము ముందు నిలబడి చాన్నాళ్ళకి తృప్తిగా ఊపిరి పీల్చుకున్నారట.

కథ ఇంతే. ఇంతకీ ఆ అమ్మాయి చూడ్డానికి ఎలా ఉంటుందో, రంగేమిటో, ఆ రోజు ఏం వేసుకుందో చెప్పనేలేదేమని ఎక్కడో ఒకచోట మీకు అనిపించే ఉంటుంది. అనిపించకపోతే మంచిదే. అనిపించి ఉంటే మాత్రం దిగులు పడకండి. ఒకటో కెమెరా దగ్గర ఉద్యోగం ఖాళీగానే ఉంది, అనుభవం అక్కర్లేదు, మీలాంటివాళ్ళనైతే చేరిన రోజే ఖాయం చేస్తామంటున్నారు.