రంగు మారని అత్తగారు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా సులువైంది. లేవాలి, కంప్యూటర్ తెర మీద రెండు అంకెలు చూసుకోవాలి, కాఫీ తాగాలి, ఆఫీసుకెళ్లి వాటిని డైరెక్టరుగారి ముందు పెట్టాలి. అంకెలు బాగుంటే సంస్థలోని పెద్ద కంప్యూటర్ ఈ ఏడాదంతా ఆమెది. బాగోకపోతే ఆఫీసులో పక్కగదిలో కూర్చునే ఆయనది.

ఆమెది రసాయన శాస్త్రమే కానీ చేతికి మరక అంటని రకం. డీఎన్ఏలో సైటోసిన్ అనే భాగానికి ఒక్కోసారి మిథైల్ అనే చిన్న టోపీ ఉంటుంది. అది ఎక్కడుందో తెలిస్తే కొన్ని జబ్బుల ఆచూకీ దొరుకుతుంది. కనిపెట్టడానికి బైసల్ఫైట్ అనే లవణం కలుపుతారు. టోపీ లేనిది మారిపోతుంది. టోపీ ఉన్నది మొండిగా అలాగే ఉండిపోతుంది. మారడానికి దేనికి ఎంత శక్తి కావాలో, అంటే ఏది ఎంత ఎత్తు మిట్ట ఎక్కాలో కోడలు కంప్యూటర్ చేత లెక్క కట్టిస్తోంది. వారం రోజులుగా అది హాల్లో మూలుగుతూనే ఉంది.

టోపీ ఉన్నదాని మిట్ట బాగా ఎత్తుగా ఉండాల్సింది, కానీ తెర మీద రెండు మిట్టలూ ఒకే ఎత్తున ఉన్నాయి. ఆఖరి అంకె దాకా ఒకటే.

"దీన్నెవరో ముట్టుకున్నారు," అంది కోడలు.

ఫైళ్లు రెండూ డైరెక్టరుగారికి పంపి, ఇంట్లో కుట్ర జరిగిందని రాసింది. తర్వాత ఇంటివాళ్ల మీద తనకు తెలిసిన పరీక్షే పెట్టింది. తప్పు చేయనివాళ్లు అడగ్గానే కంగారుపడి రంగు మారతారు. చేసినవాళ్లు ముందే సిద్ధపడి ఉంటారు కాబట్టి మారరు.

"ఏమండీ, నిన్న సాయంత్రం ఏం చేశారు?"

బూట్లు తొడుక్కుంటున్న భర్త మొహం పాలిపోయింది. "పంటి డాక్టర్ దగ్గరికని చెప్పానా... సినిమాకెళ్లాను. పన్ను బాగానే ఉంది."

"మీరు కాదు," అంది, పన్ను సంగతి తర్వాత తేల్చుకుందామని.

"మామయ్యా, మీరు కంప్యూటర్ దగ్గరికి వెళ్లారా?"

మామగారు పేపరు దించారు. చెవులు ఎర్రబడ్డాయి. "వెనకనుంచి వేడిగాలి వస్తోంది కదాని తడి మేజోళ్లు ఆరేశానమ్మా. ఒక్క జతే."

"మీరూ కాదు. అత్తయ్యా, మీరు?"

అత్తగారు దుప్పటి మడత పెడుతున్నారు. కొసకు కొస కలిపి, "లేదు," అన్నారు. ఇంకో దుప్పటి అందుకున్నారు.

కోడలికి దొంగ దొరికినంత సంబరమైంది. "మీరే! కనుబొమ్మ కూడా కదల్లేదు!"

"పెళ్లయిన దగ్గర్నుంచీ మీ మామగారి కళ్లజోడు కనపడనప్పుడల్లా నన్నే అడుగుతున్నారు. ప్రతిసారీ కదిపితే నాకు కనుబొమ్మలు మిగిలేవా?"

"అమ్మని అంటావేంటి?" అన్నాడు భర్త.

"పన్ను నొప్పి మనిషి మాట్లాడకూడదు."

అత్తగారు కొడుకువైపు తిరిగారు. "ఏ సినిమారా? నేను తీసుకెళ్లమంటే తీరిక లేదన్నావు." అటునుంచి మొగుడివైపు తిరిగారు. "నట్టింట్లో మేజోళ్లా?" మడత పెట్టిన దుప్పట్లు పెట్టెలో సర్దేశారు. "మా అక్క దగ్గరికి పోతున్నా. అక్కడ కంప్యూటర్ లేదు."

"మరి నా కళ్లజోడు ఎవరు వెతుకుతారు?" అన్నారు మామగారు.

అత్తగారు పెట్టెతో గుమ్మం దాకా వెళ్లేసరికి డైరెక్టరుగారి ఫోను వచ్చింది. దొంగ ఎవరో అందరూ వినాలని కోడలు స్పీకర్ పెట్టింది.

"ఫైళ్లు చూశానమ్మా. మొదటిది టోపీ లేని సైటోసిన్."

"అవును సార్."

"రెండోదీ అదే. ఫైలు పేరు మార్చావు కానీ మిథైల్ తగిలించడం మర్చిపోయావు. వారం రోజులు ఒకే లెక్క రెండుసార్లు నడిపించావు. ఎవరూ ఏం ముట్టుకోలేదు. ఈ ఏడాది పెద్ద మెషిన్ పక్కగదికే ఇస్తున్నా."

ఫోను ఆగిపోయింది. కోడలి మొహం మెడ దాకా ఎర్రబడి, తర్వాత తెల్లబడింది.

అత్తగారు పెట్టె కింద పెట్టి, దగ్గరికొచ్చి, ఆ మొహాన్ని శ్రద్ధగా పరిశీలించారు.

"మారిందమ్మా," అన్నారు.

పరీక్ష ప్రకారం కోడలు నిర్దోషి.