అగ్గిపెట్టెలో సాక్షి

కొమాద్రెల గురువారం పండగనాడు పొద్దున్నే ఎర్మెలిండా ఆ రోజంతా మడత నలగకుండా సర్దిపెట్టుకుంది. భోజనాల వేళకల్లా ఆసుపత్రి పని ముగించాలి. మధ్యాహ్నం పూలూ సబ్జా రెమ్మలూ గుచ్చిన బుట్టల్లో కేకులు పట్టుకుని స్నేహితురాళ్లు వస్తారు. బుట్ట ఇచ్చి పుచ్చుకున్నారంటే ఇక కొమాద్రెలే, సొంత వదినల లెక్క. ముందుగదిలో కొత్త సోఫా ఉంది. దాని ప్లాస్టిక్ కవరు తీయాలా, ఉంచాలా అన్నదొక్కటే ఇంకా తేలలేదు.

డాక్టర్లు గిలికిన జబ్బులకు కోడ్ వేసి కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. ఆ రోజు చివరి కాగితం ద్రాక్షతోటలో పనిచేసే సెనోబియో తొలాబాది. "చాగస్. గుండె పెరిగింది. నాడి నెమ్మది" అని ఉంది. పురుగు కాటుతో వచ్చే ఆ జబ్బు కొత్తదో, ఏళ్లుగా ముదిరిందో డాక్టరు రాయలేదు. కొత్తదైతే కోడ్ చివర సున్నా, ముదిరితే రెండు. అనుమానం వస్తే డాక్టర్నే అడగాలని గోడ మీద కాగితం ఉంది. అంటించింది ఎర్మెలిండాయే. కానీ డాక్టరు తన భార్యను పండగ ఊరేగింపు దగ్గర దించడానికి వెళ్లిపోయాడు.

సెనోబియో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "సోమవారం పట్నం నుంచి గుండె డాక్టరు వస్తాడంట గదా మేడమ్. ఆయన రాస్తేనే గుండెకి మిషను పెడతారంట. నాలుగు మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయి. ఆయన లిస్టులో నా పేరు ఎక్కించండి."

"కోడ్ పడితే పేరు దానంతటదే ఎక్కుతుంది. పురుగు కుట్టిందెప్పుడు?"

సెనోబియో జేబులోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. ఇంట్లో ఆ జబ్బు అంటించే వించూకా పురుగు కనిపిస్తే ప్రాణంతో అగ్గిపెట్టెలో పెట్టి ఆసుపత్రికి తేవడం ఆ లోయలో అందరికీ అలవాటే. తెరిచి చూస్తే బొటనవేలి గోరంత గోధుమరంగు పురుగు, మీసాలు ఆడిస్తోంది.

"ఇదేనా కుట్టింది?"

అతను చూపు టోపీ మీదికి తిప్పుకున్నాడు. "ఇదే మేడమ్."

బతికున్న పురుగు, తాజా కాటు. పైగా గడియారం ఒంటిగంట దాటిపోతోంది. ఎర్మెలిండా చివర సున్నా కొట్టి, బ్యాగు భుజాన వేసుకుంది.

కొత్త జబ్బంటే ఆ ఇంట్లో పురుగులు ఇంకా ఉన్నాయని అర్థం. ఆమె ఇల్లు చేరి సోఫా కవరు తీసేలోపే, ఆ కోడ్ చూసి పురుగుల మందు కొట్టే దళం సెనోబియో ఇంటి ముందు దిగింది.

"సామానంతా వీధిలో పెట్టండి!" అన్నాడు దళం పెద్ద హురాదో.

మంచాలు వచ్చాయి, బీరువా వచ్చింది. ఇటుక గోడలు, నున్నటి సిమెంటు. టార్చి వేసి ఎంత వెతికినా చిన్న బీట కూడా లేదు.

"ఈ గోడలో పురుగెక్కడ దాక్కుందయ్యా?"

"గట్టి పురుగు సార్."

గూడు దొరక్కపోతే చుట్టుపక్కల ఇళ్లు కూడా వెతకాల్సిందే. పక్కింటి మంచాలూ వీధిలోకి వచ్చాయి. ఎదురింటి ముసలావిడ మంచంతో సహా వచ్చింది, నిద్ర లేవకుండానే. ఇంతలో డప్పులతో కొమాద్రెల ఊరేగింపు ఆ వీధిలోకి తిరిగింది. దారి లేక ఆడవాళ్లు మంచాల చుట్టూ తిరిగి ఆడారు. ముసలావిడ లేచి, తన కోసమే వచ్చారనుకుని చేతులూపింది.

హురాదో సెనోబియో భుజం తట్టాడు. "దిగులు పడకు. కొత్త జబ్బే, మాత్రలిస్తారు."

"మరి గుండె డాక్టరు?"

"ఆయన ముదిరినవాళ్లనే చూస్తాడు. నీకు పడింది సున్నా. లిస్టులో లేవు."

సెనోబియో టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. హురాదోను వెంటబెట్టుకుని, ఆగి ఆగి నడుస్తూ ఎర్మెలిండా ఇంటికి వచ్చాడు. కొత్త సోఫా మీద కొమాద్రెలు కేకు తింటున్నారు. ఎర్మెలిండా భర్త ఫెర్మీన్ గ్లాసులు అందిస్తున్నాడు.

"మేడమ్, ఆ పురుగు నన్ను కుట్టలేదు."

"మరి ఇదేనన్నావుగా!"

"నన్ను కుట్టింది చిన్నప్పుడు, మా తాత మట్టి ఇంట్లో. ఆ పురుగుని ఇప్పుడెక్కడ తెచ్చేది? కిందటేడు ఉత్త చేతుల్తో వస్తే పురుగేదని తిప్పి పంపారు. అందుకే ఇది అరువు తెచ్చా."

"ఎవరింటి నుంచి?" అన్నాడు హురాదో. "అది తేలేదాకా ఇది నీ ఇంటి పురుగే, నీది కొత్త జబ్బే. లిస్టు సాయంత్రం మూసేస్తారు."

"చెప్పనని మాటిచ్చాను సార్." సెనోబియో తల వంచుకున్నాడు.

"ఈ రోజుల్లో కూడా వించూకాలు పెంచే వాళ్లున్నారా!" అని నవ్వింది క్లోటిల్దె, కొమాద్రెలందరిలోకీ నోరున్న మనిషి.

"అదంతా ఇల్లాలి శుభ్రతను బట్టి వదినా" అంది ఎర్మెలిండా.

ఫెర్మీన్ దగ్గాడు. "ఎర్మె... మన కోళ్లగూడు వెనక గోడలో బోలెడున్నాయి. మా ద్రాక్షతోటలో తోటి పనివాడు అడిగాడు కదాని, బాగా ఎదిగినది చూసి ఇచ్చా."

కొమాద్రెలు సోఫా అంచుకు జరిగారు. మా ఆయనకు వేళాకోళం ఎక్కువని ఒక్క మాట అంటే సరిపోయేది. క్లోటిల్దె ఆ మాట కోసం చెవులు రిక్కించి కూర్చుంది. ఎర్మెలిండా సోఫా వంక చూసింది. తర్వాత సెనోబియో వంక చూసింది. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, పెదాలు నల్లబడ్డాయి.

"హురాదో, మీవాళ్లను ఇక్కడికి పిలవండి."

"పండగ పూట ఎందుకు మేడమ్, రేపు..."

"రేపటికి లిస్టు ఉండదు. వదినా, కేకు పక్కన పెట్టి సోఫాకి ఆ చివర పట్టుకో. ఏమండీ, మీరు ఈ మనిషిని కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి."

మధ్యాహ్నమే డాక్టరుకి చేయాల్సిన ఫోను అప్పుడు చేసింది. డప్పుల మోతలోంచి డాక్టరు "ముదిరిందేనమ్మా, ఏనాటిదో!" అని అరిచాడు. ఆసుపత్రికి పరుగెత్తింది. సున్నా రెండయింది. లిస్టు చివరన సెనోబియో తొలాబా పేరు కనబడ్డాకే ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

తిరిగొచ్చేసరికి ఇంట్లోంచి మందు వాసన వస్తోంది. సోఫా నడివీధిలో ఉంది. దాని మీద కొమాద్రెలు, మధ్యలో సెనోబియో, ఒడిలో కేకు పళ్లెం. ఊరేగింపులో వెళ్లేవాళ్లు, ఈ ఏడు పద్ధతి ఇదే కాబోలనుకుని, తమ ఇళ్ల నుంచి కుర్చీలు తెప్పించుకుంటున్నారు.

హురాదో కాగితం చాపాడు. పురుగు దొరికిన ఇంటి వివరాలు ఎర్మెలిండా తన గుండ్రటి అక్షరాలతో ఒక్క తప్పు లేకుండా నింపింది. కోళ్లగూడు ఎవరిదన్న చోట మాత్రం భర్త పేరు రాసింది.