ఉపగ్రహం కంట పడకుండా

ఆ సోమవారం పొద్దున అసిరయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. కళింగపట్నం ఒడ్డు నుంచి తెప్పలో ఒంటరిగా వెళ్ళి, సముద్రం అడుగున చేపలు మూగే రాళ్ళగుట్ట మీద ఆగి, ఆ చోటు గుర్తుండిపోయేలా కొత్త జీపీఎస్ మిషనులో ఒక బొత్తాం నొక్కి రావడం. ఆ గుట్ట ఆనవాళ్ళు తండ్రి పోతూ పోతూ అతని ఒక్కడి చెవిలోనే వేశాడు. పదేళ్ళుగా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది దాని పుణ్యమే. మంచు పట్టిన రోజున లైట్‌హౌస్ కనబడక తిప్పలు పడుతున్నాడని, పటాలంలో చేసి వచ్చిన బావ జగన్నాధం ఆ మిషను కొనిచ్చాడు.

"ఒకప్పుడు ఇది సైన్యానికే ఉండేదిరా. మనమెక్కడున్నామో పైనున్న ఉపగ్రహాలు పట్టేస్తాయి."

అసిరయ్య మిషనును దూరంగా జరిపాడు. "ఓర్నాయనో! అయితే నా గుట్ట దేశమంతా తెలిసిపోదేటి బావా?"

బావ నవ్వినా అతని భయం పోలేదు. గుట్ట మీదికి రాగానే మిషను మీద చేపల బుట్ట బోర్లించాడు. బుట్టకు కంతలున్నాయని బొత్తాం నొక్కకుండానే వచ్చేశాడు. మర్నాడు భార్య కూర్మమ్మ చేపలమ్మే సత్తు బేసిన్ బోర్లించి, కిందనుంచి చెయ్యి దూర్చి నొక్కాడు. ఎందుకైనా మంచిదని మూడోనాడు బేసిన్ మీద నీలం టార్పాలిన్ కప్పి, తనూ అందులో దూరి నొక్కాడు. తెర మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు మెరిశాయి. పనైపోయిందనుకున్నాడు. అయినా ఎక్కిందో లేదోనని రోజూ అదే తంతు.

ఒడ్డున కూర్మమ్మ గోల పెట్టింది. "సముద్రం మద్దిన నా బేసిన్‌తో ఈ మనిషికి పనేటి?" ఆ కేక పక్క తెప్ప ఎర్రన్న చెవిన పడింది.

మరుసటి సోమవారం అసిరయ్య గుట్ట దగ్గరికి వెళ్ళాడు. అక్కడ తొమ్మిది తెప్పలున్నాయి. వలల నిండా చేపలు ఎగిరిపడుతున్నాయి. వల కూడా వెయ్యకుండా తెప్ప వెనక్కి తిప్పాడు.

ఒడ్డుకు రాగానే జగన్నాధం మీద విరుచుకుపడ్డాడు. "నీ ఉపగ్రహం నా కొంప ముంచీసింది బావా!"

వల దులుపుతున్న ఎర్రన్న పగలబడి నవ్వాడు. "ఉపగ్రహమేటి మావా? ఇదివరకు మా తెప్ప కనబడితే పక్కకి పోయీవోడివి. ఇప్పుడు నడిసముద్రంలో నీలం గుడారమేసుకొని కూకున్నావు. నీ పక్కనే ఆగి, ఒడ్డు మీద లైట్‌హౌస్, కొండ ఏ వరసలో కనబడతన్నాయో గురుతెట్టుకొని ఎల్లిపోయి, మనోళ్ళందరికీ చెప్పీసినాను. నీకు తెలిస్తేనా!"

జగన్నాధం మిషను తీసుకుని ఇటూ అటూ నొక్కి చూశాడు. "సత్తు బేసిన్ కింద సిగ్నలు ఎలాగొస్తాదిరా? ఇందులో ఒక్క ముక్క కూడా ఎక్కలేదు."

ఇప్పుడు కళింగపట్నంలో ఆ గుట్ట ఎక్కడుందో తెలియనిది ఆ మిషనుకు మాత్రమే.